శాటిలైట్లుండగా మళ్ళీ విమానమేటి అన్నావు కదా

ఒరే శ్రీనూ,

ఎలాగున్నావు? మొన్న ఫోన్లో "ఆకాశం నిండా శాటిలైట్లు పెట్టుకుని, మాటలు మొయ్యడానికి మళ్ళీ విమానమేటిరా" అని నవ్వేశావు. అప్పుడు కాశీబుగ్గ బస్సులో ఉన్నాను, సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను, చదువు.

మన మందస దాటి మహేంద్రగిరి వైపు పోతుంటే ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కోటీ పోతాయి కదా, కొండ అడ్డమొస్తే అంతే మరి. అఫ్గానిస్తాన్‌లో అమెరికా సైన్యానికి పట్టిన తలనొప్పీ అదే. ఒక లోయలో ఇరుక్కున్నవాడు పిలిస్తే పక్క లోయలో ఉన్నవాడికి అందదు. పొలం ఆ చివరున్నవాడికి కేక వినపడకపోతే మధ్యలో గట్టు మీదున్నవాడు అందుకుని మళ్ళీ అరుస్తాడు చూడు, ఆ పనికి వాళ్ళు ఈ-11ఏ అనే విమానం పెట్టారు. అసలు అది డబ్బున్నవాళ్ళు తిరిగే బాంబార్డియర్ గ్లోబల్ ఎక్స్‌ప్రెస్ జెట్టే. బాంబుల్లేవు, తుపాకుల్లేవు, గంటల తరబడి పైన చక్కర్లు కొడుతూ కింది మాట అందుకుని అవతలికి పంపడమే డ్యూటీ. ఫైటర్ విమానాలు సమాచారం పంచుకోవడానికి వాడే రేడియో లింక్-16 ఒక రకం, నేల మీది సిపాయి రేడియో ఇంకో రకం, వాటికి నేరుగా పొసగదు, ఈ విమానంలోని సామానే ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చి కలుపుతుంది.

ఇక నీ శాటిలైట్ సంగతి. భూమితో పాటు తిరిగే శాటిలైట్ దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది, ఈ విమానం పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో. చేతి రేడియోకుండే కాస్త పవరుకి ఏది దగ్గరో నువ్వే చెప్పు. పైగా ఆ ఎత్తు నుంచి రేడియో చూపు అన్ని వైపులా దాదాపు 450 కిలోమీటర్లు పోతుంది, నేల మీద నిలబడ్డ ఇద్దరి మధ్య చదును నేలలోనే పది కిలోమీటర్లు దాటడం కష్టం.

అలాగని ప్రమాదం లేని ఉద్యోగం కాదురోయ్. 2020 జనవరి 27న గజనీ ప్రాంతంలో ఒక ఈ-11ఏ కూలిపోయింది. శత్రువు కొట్టింది కాదు. ఎడమ ఇంజన్‌లో ఫ్యాన్ రెక్క విరిగితే, ఆ కంగారులో బాగున్న కుడి ఇంజన్ ఆపేశారని విచారణలో తేలింది. ఇద్దరు పైలట్లూ పోయారు. చదివినప్పుడు ఆ రోజంతా మనసు బాగోలేదు.

నాకు వీటన్నిటికంటే వింతగా అనిపించింది టాకమో, అంటే జలాంతర్గాములకి విమానంలోంచి సందేశం పంపే అమెరికా నేవీ ఏర్పాటు. సముద్రం కింద అణు జలాంతర్గామికి మాట చేరాలంటే మామూలు రేడియో పనికిరాదు, ఉప్పునీళ్ళు మింగేస్తాయి. బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగమైతే పదీ ఇరవై మీటర్ల లోతు దాకా దిగుతుంది, కానీ దానికి కిలోమీటర్ల పొడవు యాంటెన్నా కావాలి. అందుకని ఈ-6బి విమానం తోక వెనక సుమారు ఎనిమిది కిలోమీటర్ల తీగ వదిలి, గట్టిగా ఒరిగి గుండ్రంగా తిరుగుతుంది, అప్పుడు ఆ తీగ ఇంచుమించు నిలువుగా వేలాడుతుంది. ఇంత తతంగం చేసి పంపేది నాలుగు ముక్కల సందేశమే, మాటలు కూడా కావు, టెక్స్ట్.

మన దేశానికి ఆ తరంగాల స్టేషన్ తిరునెల్వేలి దగ్గర ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ అనే నేవీ స్థావరంలో 1990 నుంచీ ఉంది, వికారాబాద్ దామగుండంలో రెండోదానికి 2024 అక్టోబర్లో శంకుస్థాపన చేశారు. మన విశాఖలోనే 2009లో అణు జలాంతర్గామి అరిహంత్‌ని నీళ్ళలోకి దించారు కదా, అలాంటివాటి కోసమే ఇవన్నీ. అయితే నేల మీది టవర్ ఎక్కడుందో శత్రువుకి ముందే తెలుసు, తిరిగే విమానాన్ని వెతుక్కోవాలి. అమెరికావాళ్ళు అంత ఖర్చూ పెడుతున్నది అందుకే.

నా మట్టుకు నాకు ఈ ఏర్పాటు యుద్ధానికే ఎందుకు అనిపిస్తుంది. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కరెంటు పోయి, ఫోన్లు మూగబోయి, మీ అమ్మ ఎలా ఉందో తెలీక నువ్వు హైదరాబాద్‌లో కొట్టుమిట్టాడావు. అలాంటప్పుడు రెండ్రోజులు ఒక విమానం పైన తిరిగినా ఎంతమందికి టెన్షన్ తగ్గేది!

ఇంకో తమాషా ఉంది. టాకమో 1960ల్లో హెర్క్యులిస్ రవాణా విమానాలతో మొదలైంది, తర్వాత బోయింగ్ 707 మీద కట్టిన ఈ-6కి మారింది, ఇప్పుడు మళ్ళీ కొత్త హెర్క్యులిస్ మీదే ఈ-130జె పేరుతో కడుతున్నారు, ఆ పని 2024 డిసెంబర్లో నార్త్‌రప్ గ్రమ్మన్ కంపెనీకి ఇచ్చారు. జెట్ వదిలి ప్రొపెల్లర్‌కి రావడమేటని ఇప్పుడు నువ్వే అడుగుతావు, ముందు ఆలోచించి రాయి.

జీడిపప్పు పార్శిల్ వేస్తాను, అందిన తర్వాత ఫోన్ చెయ్యి.

నీ
ప్రసాద్