విషయం: హీమోలైటిక్ అనీమియా (ఎర్రకణాలు పగిలి వచ్చే రక్తహీనత) ప్యాకేజీ రిపోర్టులో తప్పులు, సవరణ కోసం

క్వాలిటీ మేనేజర్ గారికి,

మా వార్డు పేషెంటుకు మీ ల్యాబ్ ఇచ్చిన రిపోర్టు చివర ‘మెగలోబ్లాస్టిక్ అనీమియా కావచ్చు, బి12 చూడండి’ అని, అంటే బి12 లాంటి విటమిన్ లోపంవల్ల వచ్చిన రక్తహీనత కావచ్చని రాశారు. అదే కాగితంపై హిమోగ్లోబిన్ 7.2, ఎర్రకణాలు 13 లక్షలు, ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) 128, ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ గాఢత) 43 అని ఉన్నాయి. ఎంసీహెచ్‌సీ 43 బి12 లోపంలో రాదు. ఎర్రకణంలో అంత హిమోగ్లోబిన్ పట్టదు. అలాంటి అంకె కనిపించినప్పుడు రిపోర్టు ఆపి కారణం వెతకాలి.

మా అనుమానం కోల్డ్ అగ్లుటినిన్ మీద, అంటే చలికి ఎర్రకణాలను గుంపుకట్టించే యాంటీబాడీ మీద. అలా కణాలు గుంపుకడితే మెషీన్ ఒక్కో గుంపును ఒకే కణంగా లెక్కిస్తుంది. అందుకే కౌంట్ పడిపోయి ఎంసీవీ పెరుగుతుంది. హిమోగ్లోబిన్‌ను కణాలు పగలగొట్టాక కొలుస్తారు కాబట్టి ఈ అంకెల్లో అదొక్కటే నమ్మదగ్గది. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం) ట్యూబును 37 డిగ్రీల వాటర్‌బాత్‌లో అరగంట ఉంచి, చల్లారకముందే మళ్లీ నడిపి ఉండాల్సింది. కనీసం స్మియర్ (గాజుపలకపై పరిచిన రక్తం) చూసినా గుంపులు కనబడేవి.

కూంబ్స్ టెస్ట్ (ఎర్రకణాలకు అంటుకున్న యాంటీబాడీ, దాని ఆనవాళ్లు వెతికే పరీక్ష) ‘నెగటివ్’ అన్నారు. వాడిన కార్డులో ఐజీజీ అనే రకం యాంటీబాడీని పట్టేది ఒక్కటే ఉందని మీ టెక్నీషియన్ చెప్పారు. చలికి పనిచేసే యాంటీబాడీ ఎక్కువగా ఐజీఎం అనే మరో రకం. వేడి తగలగానే అది ఊడిపోతుంది, కణం మీద సీ3డీ అనే రక్షణ ప్రొటీన్ ముక్క మిగులుతుంది. సీ3డీ చూడకుండా నెగటివ్ అనడం సరికాదు.

కణాలు పగిలితే పెరిగే ఎల్‌డీహెచ్, ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ పెరిగాయి కానీ బి12 లోపంలోనూ మజ్జలోనే కణాలు నశించి అవి పెరుగుతాయి. రెండింటినీ వేరుచేసేది ముఖ్యంగా రెటిక్యులోసైట్ కౌంట్ (కొత్తగా పుట్టిన ఎర్రకణాల లెక్క): కణాలు రక్తంలో పగిలితే మామూలుగా పెరుగుతుంది, బి12 లోపంలో తక్కువగా ఉంటుంది. హీమోలైటిక్ పేరు పెట్టిన ప్యాకేజీలో అదే లేకపోవడం మాకు మింగుడుపడలేదు. శాంపిల్ తీసేటప్పుడే కణాలు పగిలాయేమో అని అనుమానించడానికి పనికొచ్చే హీమోలైసిస్ ఇండెక్స్ కూడా లేదు.

జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఎంజైమ్) ‘నార్మల్’ అన్నదానికీ ఒక నోటు జత చేయాలి. కణాలు జోరుగా పగిలే సమయంలో కొత్త కణాల్లో ఎంజైమ్ ఎక్కువ ఉండి లోపం దాగిపోవచ్చు. రెండు మూడు నెలలకు మళ్లీ చేయాలి.

బి12 వ్యాఖ్య తీసేసి సవరించిన రిపోర్టు ఇవ్వండి. కొత్త శాంపిల్‌ను ఐస్‌ప్యాక్‌తో కాకుండా 37 డిగ్రీల ఫ్లాస్కులో తీసుకెళ్లి, సీబీపీ (రక్తకణాల పూర్తి లెక్క), స్మియర్, రెటిక్యులోసైట్, ఐజీజీ–సీ3డీ విడివిడిగా, కోల్డ్ అగ్లుటినిన్ టైటర్ (ఆ యాంటీబాడీ ఎంత ఉందో చూసే పరీక్ష) ఖర్చు లేకుండా చేయండి. రక్తం ఎక్కించకముందే శాంపిల్ ఇవ్వాలి కాబట్టి మీ మనిషిని ఈరోజే పంపండి.

ఇట్లు,
హెమటాలజీ విభాగం వైద్యులు