ఆ గుడ్డ మీద కత్తెర వేసే ముందు అంచు చదవండి

గౌరవనీయులైన సంపాదకులకు,

ఆస్ట్రేలియా నుంచి వచ్చే మనవాళ్లు అక్కడి ఆదివాసీలైన అబొరిజినల్ చిత్రకారుల డిజైన్లు అచ్చువేసిన కాటన్, లినెన్ గుడ్డలు తెచ్చి మన ఊళ్ల దర్జీలకు కుర్తీలు, జాకెట్లు కుట్టమని ఇస్తున్నారు. గుడ్డ మంచిదే, దర్జీ చేయీ మంచిదే. అయినా చాలాసార్లు డిజైన్ పాడైపోతోంది. ఎందుకో, ఏం చేస్తే పాడవకుండా ఉంటుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు అంచు చూడండి. గుడ్డ పొడవునా ఉండే ఆ సన్నటి తెల్ల పట్టీ మీద సాధారణంగా చిత్రకారిణి పేరు, డిజైన్ పేరు, ఆర్ట్ సెంటర్ (ఆ ఊరి చిత్రకారులు కలిసి పనిచేసే కేంద్రం) లేదా అచ్చువేసిన కంపెనీ పేరు ఉంటాయి. ఉత్తర ఆస్ట్రేలియాలోని బాతర్స్ట్ దీవిలో తీవీ డిజైన్స్, బీమా వేర్ అనే రెండు కేంద్రాలూ 1960ల చివర్లో మొదలయ్యాయి. బీమా వేర్ మహిళలు గుడ్డ అచ్చువేయడమే కాదు, బట్టలూ వాళ్లే కుడతారు. ఉత్తర ఆస్ట్రేలియాలోనే ఉన్న ఆర్నెమ్ ల్యాండ్ ప్రాంతంలో, మానింగ్రీడా ఊళ్లో బబారా కేంద్రం మహిళలు, గున్బలాన్యా ఊళ్లో ఇంజలక్ కేంద్రం కళాకారులు స్క్రీన్లతో చేత్తో అచ్చువేస్తారు. బొంతలు కుట్టడానికి అమ్మే క్విల్టింగ్ కాటన్ మాత్రం ఎక్కువగా లైసెన్సు తీసుకున్న కంపెనీలు మిల్లులో వేయించేదే. అది నకిలీ కాదు. చేత్తో వేశారా, మిల్లులో వేశారా అన్నదాన్ని బట్టి అసలో నకలో తేలదు, పేరు ఉందా లేదా అన్నదే చూడాలి. పేరూ ఊరూ లేకుండా ఊరికే ‘అబొరిజినల్ స్టైల్’ అని అమ్మే చుక్కల గుడ్డ కొనకండి. స్క్రీన్ ప్రింటును కలంకారీ అని అమ్మితే పెడన పనివాళ్లకు ఎంత నష్టమో మనకు తెలియనిది కాదు.

ఇక కొలత. క్విల్టింగ్ కాటన్ పన్నా 112 సెంటీమీటర్లు. మీటరు పొడవు కుర్తీకి చేతులతో కలిపి 2.5 మీటర్లు పడుతుంది. 140 సెంటీమీటర్ల పన్నా లినెన్ అయితే ముందు భాగం, వెనక భాగం పక్కపక్కనే వస్తాయి కాబట్టి 1.75 మీటర్లు సరిపోతుంది. దీనికి ఒక రిపీట్ కలపాలి. అంటే డిజైన్ 60 సెంటీమీటర్లకోసారి మళ్లీ మొదలవుతుంటే ఇంకో 60 సెంటీమీటర్లు. ఇది కలపకుండా కొంటే పక్క కుట్ల దగ్గర బొమ్మ కలవదు.

గుడ్డను మడిచి కత్తిరించే అలవాటు ఇక్కడ పనికిరాదు. మడత కింద ఏ బొమ్మ తెగుతోందో కనబడదు. ఒకే పొరగా, ప్రింటు పైకి ఉండేలా పరచండి. ముందు భాగం కత్తిరించి, దాన్నే గుడ్డ మీద జరుపుతూ వెనక భాగానికి బొమ్మ కలపండి. ఎడారి ప్రాంతపు డిజైన్లు చాలావరకు నేలను పైనుంచి చూసినట్టు ఉంటాయి. వలయాల్లో వలయాలుంటే నీటి గుంటో విడిదో, అర్ధచంద్రం లాంటి గీత ఉంటే కూర్చున్న మనిషి. వీటిలో చాలావాటిని ఏ వైపు నుంచి కత్తిరించినా ఫరవాలేదు. ఆర్నెమ్ ల్యాండ్ గుడ్డల మీద తాబేళ్లు, చేపలు, మిమీ అని పిలిచే సన్నటి ఆత్మల బొమ్మలు ఉంటాయి. వాటికి తలా కాళ్లూ ఉన్నాయి. కుర్తీ ఒక చేతి మీద బొమ్మ నిటారుగా, ఇంకో చేతి మీద తలకిందులుగా వచ్చేలా కత్తిరిస్తే చూడగానే తెలిసిపోతుంది.

కుట్లు ఎంత తక్కువుంటే అంత మంచిది. ప్రిన్సెస్ కట్ వద్దు, సాదా ఏ-లైన్ చాలు. ఒంటికి అతికేలా మడిచి కుట్టే డార్ట్ వలయం మధ్యకు వస్తే వలయం నలిగి గుడ్డు ఆకారం అవుతుంది. ముందు బొత్తాల పట్టీ పెడితే మూడు సెంటీమీటర్ల బొమ్మ మడతలోకి పోతుంది. జిప్పు పక్కకు మార్చండి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం కుట్టు విప్పడంతో వస్తుంది. పిగ్మెంట్ రంగు నూలులోకి ఇంకదు, పైన పొరలా ఉంటుంది. సూది దాన్ని చీలుస్తుంది. కుట్టు విప్పాక ఆ రంధ్రాల్లో కింది గుడ్డ రంగు చుక్కలు చుక్కలుగా బయటపడుతుంది. ఎంత ఉతికినా, ఇస్త్రీ చేసినా పూడదు. తర్వాత వదులు చేసుకోవచ్చని లోపల అంగుళం గుడ్డ వదిలినా లాభం లేదు, పాత కుట్టు గీత కనబడుతూనే ఉంటుంది. అందుకే పాత చీర ముక్కతో ముందు నమూనా కుట్టి, వేసి చూసి, సరిచేశాకే అసలు గుడ్డ ముట్టుకోండి. కచ్చా కుట్టు మార్జిన్ లోపలే వేయండి. కాటన్‌కు కొత్త 12 నంబరు సూది, లినెన్‌కు 14.

లినెన్ కుంచించుకుపోతుంది, కత్తిరించక ముందే చల్లటి నీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి. తడి తెల్లగుడ్డతో ప్రింటును ఓ పదిసార్లు రుద్ది చూడండి. బొమ్మల వెనకున్న గుడ్డ రంగు కొద్దిగా దిగితే, విడిగా ఉతికితే ఆ అదనపు రంగు పోతుంది. ప్రింటే లేచి వస్తుంటే దాన్ని వేడితో సరిగా స్థిరపరచలేదన్నమాట. ఉప్పు, వెనిగర్ దానికి పనిచేయవు. ఇస్త్రీ ఎప్పుడూ ఉల్టా వైపే.

కుట్టి అమ్మాలనుకునేవాళ్లు ఆర్ట్ సెంటర్‌కో కంపెనీకో ముందే రాయాలి. ఏం కుడతారు, ఎన్ని, ఎక్కడ అమ్ముతారు అన్న మూడు సంగతులు రాస్తే చాలు. కొన్ని గుడ్డలు సొంత వాడకానికే, కొన్నిటికి చిన్న ఎత్తున అమ్మడానికి అనుమతి ఉంటుంది. గుడ్డను ఫొటో తీసి డిజిటల్ ప్రింటు కొట్టించడం మాత్రం దొంగతనమే. జానీ బులున్ బులున్ చిత్రాన్ని అనుమతి లేకుండా గుడ్డ మీద అచ్చువేసిన కేసులో, 1998లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు ఆ చిత్రకారుడికి తన గణాల్బింగు జనం పట్ల కూడా బాధ్యత ఉందని చెప్పింది. ఆ జనం ఆచారం ప్రకారం ఆ బొమ్మ ఒక్క మనిషిది కాదు, ఆ వంశం మొత్తానిది. మిగిలిన ముక్కలతో పైపింగు, సంచులు కుట్టండి గానీ కాళ్లు తుడుచుకునే పట్టాలు వద్దు. అబొరిజినల్ చిత్రాలను అనుమతి లేకుండా తివాచీల మీద వేసిన 1994 నాటి కేసులో చిత్రకారులను బాధపెట్టిన వాటిలో తమ పవిత్ర చిత్రాలు కాళ్ల కింద పడడం కూడా ఒకటి.

బట్టకు కట్టే చీటీ మీద చిత్రకారిణి పేరు, ఊరు, సెంటర్, డిజైన్ పేరు రాసి, కింద ‘కుట్టింది మేము’ అని రాయండి. ఆమె చనిపోయి ఉంటే పేరు వేయవచ్చో లేదో సెంటర్‌ను అడగండి. చాలా సముదాయాల్లో పోయినవారి పేరు కొంతకాలం పలకరు.

మీ ఆదివారం అనుబంధంలో ఇలాంటి బట్టల ఫొటోలు వేసేటప్పుడు డిజైనర్ బొటిక్ పేరుతో పాటు గుడ్డ మీది డిజైన్ గీసినవారి పేరు కూడా ఫొటో కింద వేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
కుట్టుపని చేసే తెలుగు మహిళలం,
మెల్‌బోర్న్