కాగితాలు మాకిచ్చే ముందు, అవతల తీసుకునేవాళ్లను అడగండి

మా కస్టమర్లందరికీ నమస్కారం.

విదేశాలకు పంపాల్సిన బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ట్యాక్స్ కాగితాలు, నెట్‌వర్త్ సర్టిఫికెట్లు, స్పాన్సర్ అఫిడవిట్లు నోటరీ చేయించి, అవసరమైతే అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా మన ప్రభుత్వం కాగితానికి జతచేసే ధ్రువీకరణ) కూడా వేయించి మీ చేతికివ్వడం మా పని. ఈ పనిలో ఇకమీదట ఒక పద్ధతి మారుస్తున్నాం. ఆ కాగితం అందుకోబోయే యూనివర్సిటీయో, బ్యాంకో, వీసా ఆఫీసో ఏం అడిగిందో చెప్పే మెయిలో, చెక్‌లిస్టో మాకు చూపించాకే పని మొదలుపెడతాం. "మా ఫ్రెండ్ ఇలాగే చేయించుకున్నాడు, నాకూ అదే చేసేయండి" అంటే ఇక కుదరదు. కొందరికి ఇది చాదస్తంగా అనిపించవచ్చు.

ఉన్నమాట చెప్పాలంటే, మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి అసలు నోటరీయే అక్కర్లేదు. బ్యాంకు లెటర్‌హెడ్ మీద, అధికారి సంతకంతో ఒక బ్యాలెన్స్ లెటర్ ఉంటే చాలనే సంస్థలు బోలెడు. అలాంటివాళ్లకు నాలుగు సీళ్లు వేయించి పంపినంత మాత్రాన ఫైలు ముందుకు దూకదు. మీ డబ్బు, మీ టైమ్ దండగ. మాకు గిరాకీ తగ్గే మాటే ఇది, కానీ అక్కర్లేని పనికి ఫీజు తీసుకుని తర్వాత మొహం చాటేయడం మాకు నచ్చదు. మెయిల్ చూసి "మీకిది అవసరం లేదు" అని చెప్పినందుకు డబ్బులు తీసుకోం.

ఇంకో అపోహ ఉంది. నోటరీ సీలు పడితే స్టేట్‌మెంట్‌లోని అంకెలకూ గ్యారంటీ వచ్చేసినట్టే అనుకుంటారు. రాదు. సంతకం పెట్టిన మనిషి ఫలానా అని, తన ఎదుటే పెట్టారని, లేదా ఈ కాపీ ఒరిజినల్‌తో సరిపోయిందని మాత్రమే నోటరీ చెబుతారు. మీ ఖాతాలో అంత డబ్బుందో లేదో ఆయనకు సంబంధం లేదు. అపోస్టిల్ కూడా అంతే. ఆ సర్టిఫికెట్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. కనీసం తొమ్మిది సెంటీమీటర్ల చదరపు పెట్టె, అందులో ఒకటి నుంచి పది వరకు నంబర్లు, ఏ దేశం ఇచ్చినా పైన ఫ్రెంచిలో 1961 అక్టోబర్ 5 నాటి హేగ్ ఒప్పందం (దేశాల మధ్య ఈ అపోస్టిల్ పద్ధతిని తెచ్చిన ఒప్పందం) పేరు. రెండో నంబరు దగ్గర 'సంతకం చేసినవారు' అని ఉంటుంది. నోటరీ చేసిన కాగితమైతే అక్కడ మీ పేరుండదు, మీ బ్యాంకు పేరూ ఉండదు, నోటరీ పేరో, ఆయన సంతకాన్ని ధ్రువీకరించిన అధికారి పేరో ఉంటుంది. మూడో నంబరులో ఆయన హోదా, నాలుగో దాంట్లో ఆయన సీలు. బ్యాలెన్స్ ఊసే ఎక్కడా కనబడదు. అందుకే ఎవరి దగ్గరో అప్పు తెచ్చి నాలుగు రోజులు ఖాతాలో పెట్టి, "నోటరీ చేయిస్తే అడగరు కదా?" అనేవారికి మా జవాబు ఒకటే: అడుగుతారు. డబ్బు ఎక్కడిదని అడగాలనుకున్నవాళ్లను ఏ సీలూ ఆపలేదు. పాత తేదీ వేసి నోటరీ చేయించమని కూడా దయచేసి అడగొద్దు.

ఇక ఏ దేశానికి ఏ దారి అన్నది. వెళ్లే దేశం హేగ్ ఒప్పందంలో ఉంటే అపోస్టిల్‌తో సరిపోతుంది. లేకపోతే ఇక్కడి ప్రభుత్వ అటెస్టేషన్ అయ్యాక ఆ దేశపు ఎంబసీ ముద్ర కూడా కావాలి. ఈ జాబితా మారుతూ ఉంటుంది కాబట్టి పాత అనుభవం పనికిరాదు. సౌదీలో ఈ ఒప్పందం 2022 డిసెంబర్ 7న, కెనడాలో 2024 జనవరి 11న అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఈ దేశాలకు ఎంబసీల చుట్టూ తిరిగినవాళ్లు ఇప్పటికీ బంధువులకు అదే దారి చెబుతున్నారు. పైగా రెండు దేశాలూ ఒప్పందంలో ఉన్నా, కొత్తగా చేరిన దేశంపై రెండోది అభ్యంతరం పెట్టి ఉంటే ఆ ఇద్దరి మధ్య అపోస్టిల్ చెల్లదు. ఈ ఒప్పందాన్ని చూసుకునే హేగ్ కాన్ఫరెన్స్ అనే సంస్థ వెబ్‌సైట్‌లో దేశాలవారీగా పట్టిక ఉంది, మేమూ ప్రతిసారీ అందులోనే చూస్తాం.

అన్ని ఆర్థిక పత్రాలదీ ఒకే తీరు కాదు. ట్యాక్స్ ఆఫీసు నేరుగా ఇచ్చిన సర్టిఫికెట్ ప్రభుత్వ పత్రం, చాలాచోట్ల అది నోటరీ లేకుండానే అపోస్టిల్‌కు వెళ్లవచ్చు. ప్రైవేటు బ్యాంకు మేనేజర్ సంతకం ప్రభుత్వ సంతకం కాదు కాబట్టి మధ్యలో నోటరీ కావాలి. నెట్‌బ్యాంకింగ్ నుంచి దింపుకున్న స్టేట్‌మెంట్‌తో మరో చిక్కు. డిజిటల్ సంతకం పీడీఎఫ్‌లో ఉన్నంతవరకే సంతకం, ప్రింట్ తీశాక మిగిలేది దాని బొమ్మే. దాన్ని ఒరిజినల్‌గా ఒప్పుకోవడానికి చాలామంది నోటరీలు వెనకాడతారు. బ్రాంచికి వెళ్లి సంతకం, స్టాంపు వేయించుకొస్తే ఈ టెన్షన్ ఉండదు. వీలైతే నెలల తరబడి లావాదేవీలున్న స్టేట్‌మెంట్ బదులు బ్యాలెన్స్ సర్టిఫికెట్ సరిపోతుందేమో అవతలివాళ్లను అడగండి. మీరు ఎవరికి ఎంత పంపారో మాకూ, నోటరీకీ, దారిలో అందరికీ తెలియాల్సిన పనిలేదు కదా. ఖాతా నంబరు దాచాలన్నా ముందే తేల్చుకోవాలి, నోటరీ అయ్యాక నల్ల ఇంకు పూస్తే ఆ కాగితం పోయినట్టే.

అన్నిటికన్నా ఎక్కువగా పాడుచేసేది స్టేప్లర్ పిన్. నోటరీ అయ్యాక కాగితాలన్నీ కలిపి పిన్ చేసి, అంచుల మీద సీలు సగం ఈ పేజీ మీద, సగం ఆ పేజీ మీద పడేలా వేస్తారు. మధ్యలో పేజీ మార్చలేదని చెప్పడానికే అది. ఇంటికెళ్లి నీట్‌గా స్కాన్ చేద్దామని పిన్ పీకి మళ్లీ కొట్టారనుకోండి, పాత రంధ్రాలు, కొత్త రంధ్రాలు పక్కపక్కనే కనబడతాయి. అవతల కౌంటర్లో కూర్చున్న మనిషి మొదట చూసేది ఆ మూలనే. తిప్పి పంపితే నోటరీ దగ్గర్నుంచి మళ్లీ మొదలు. స్కాన్ కావాలంటే పిన్ తీయకుండా పేజీ మడిచి మేమే చేసిస్తాం. లామినేషన్ అసలే వద్దు, దాని మీద సీలు పడదు.

అఫిడవిట్, పవర్ ఆఫ్ అటార్నీ లాంటివాటి మీద ఇంట్లో సంతకం పెట్టి తేకండి, నోటరీ ముందే పెట్టాలి. పాస్‌పోర్టులో పూర్తి పేరు, బ్యాంకులో ఇనీషియల్స్ ఉంటే ఆ సంగతి మొదటే చెప్పండి, ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ జతచేయొచ్చు. అనువాదం కావాలంటే అపోస్టిల్ ఒరిజినల్ మీదా, అనువాదం మీదా, రెండింటి మీదా అన్నది కూడా అదే మెయిల్‌లో అడిగేయండి. వీడియో కాల్‌లో చేసే నోటరీ కొన్ని దేశాల చట్టాల్లో ఉంది, కానీ అవతలి సంస్థ ఒప్పుకుంటుందని రాతపూర్వకంగా చెప్పకపోతే మేం ఆ దారికి వెళ్లం.

గడువు సంగతి. హేగ్ ఒప్పందం అపోస్టిల్‌కు కాలపరిమితి పెట్టలేదు. కానీ దాని కింద ఉన్న స్టేట్‌మెంట్ పాతబడుతుంది, ఇటీవలిదే కావాలని చాలా సంస్థలు పట్టుబడతాయి. కాబట్టి మిగతా కాగితాలన్నీ సిద్ధం చేసుకుని, బ్యాంకు కాగితం చివర్న తీసుకోండి. మా చేతిలో ఉన్న పనికి ఎప్పటికవుతుందో రసీదు మీద రాసిస్తాం. ప్రభుత్వ ఆఫీసులో, ఎంబసీలో ఎన్ని రోజులు పడుతుందో మేం మాటివ్వం, లోపల మాకు తెలిసినవాళ్లెవరూ లేరు కూడా. అడ్మిషన్ల సీజన్లో రద్దీ ఎక్కువ, టికెట్ బుక్ చేసుకున్నాక కాకుండా ఆఫర్ లెటర్ రాగానే వచ్చేయండి.

ఇప్పటికే మా దగ్గర కాగితాలున్నవారికి పాత పద్ధతిలోనే పూర్తిచేసిస్తాం. వాళ్లు కూడా ఆ మెయిల్ ఉంటే పంపండి, ఏదైనా అనవసరమని తేలితే అక్కడే ఆపి, ఆ భాగం ఫీజు వెనక్కిస్తాం.