పూర్వ విద్యార్థుల సంఘం, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది మన నిబంధన. అందుకే ఈ నాలుగు ముక్కలు. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే. ఈ ఏడాది మన పని దాదాపు అంతా ఒక్క గదిలోనే జరిగింది. అది ఎనిమిదో తరగతి రేకుల గది. "ఏడాదంతా ఒక్క గదేనా?" అని గ్రూపులో అడిగినవారు ఒకసారి వెళ్లి అందులో కూర్చుని రావాలని మనవి.

2022లో సర్కారు బడులను బాగుచేసే 'మన ఊరు – మన బడి' పథకం మొదటి విడతకు మన తెలంగాణలో 9,123 బడులను ఎంపిక చేశారు. వాటిలో మనది లేదు. ఎదురుచూస్తూ రెండేళ్లు గడిపాం. ఇక మనమే చేద్దామని కిందటి జూన్‌లో తీర్మానించుకున్నాం.

కమిటీలో మొదట అనుకున్నది గోడల నిండా నాయకుల బొమ్మలు, ఒక పెద్ద టీవీ. తెలుగు టీచరమ్మ మాత్రం "ముందు పిల్లల్ని అడగండి" అన్నారు. చీటీలు పంచి, పేరు లేకుండా మీ ఇబ్బంది రాయండి అన్నాం. 38 చీటీలు వచ్చాయి. టీవీ ఊసు ఒక్కదాంట్లోనూ లేదు. బోర్డు మెరిసి అక్షరాలు కనబడట్లేదు. మధ్యాహ్నం రేకుల వేడికి తల నొస్తోంది. బెంచీ మేకుకు తగిలి బట్టలు చిరుగుతున్నాయి. ఒక చీటీలో అయితే "నన్ను పేరు పెట్టి పిలవాలి, చివరి బెంచీ అని పిలవొద్దు" అని ఉంది. అది చదివాక కాసేపు ఎవరం మాట్లాడలేదు. మా కమిటీలో సగం మంది ఆ బెంచీ నుంచి వచ్చినవాళ్లమే.

బోర్డు తూర్పు కిటికీకి ఎదురుగా ఉండేది. పొద్దున ఎండంతా దాని మీదే. పక్క గోడకు మార్చి, మెరుపు లేని ఆకుపచ్చ రంగు వేయించాం. ఇప్పుడు వెలుతురు పిల్లల ఎడమ వైపు నుంచి వస్తుంది, రాసే చేతి నీడ నోటుబుక్కు మీద పడదు. ఎడమచేతి వాటం పిల్లలు ఇద్దరున్నారు. వాళ్లకు కిటికీ వైపు కాకుండా నడుమ చోటు ఇచ్చి, పైన ట్యూబ్‌లైటు పెట్టించాం. బెంచీల సంగతి మన వడ్రంగి చెప్పేదాకా నాకూ తట్టలేదు. పొట్టి పిల్లల కాళ్లు నేలకు ఆనవు, ఆనకపోతే అరగంటకే కదలడం మొదలవుతుంది, మనం దాన్ని అల్లరి అంటాం. నాలుగు బెంచీలకు కాళ్లు కోసి ఎత్తు తగ్గించాడు, మేకులన్నీ లోపలికి కొట్టాడు, కూలి తీసుకోలేదు. ఆయన కూడా మన బడి పిల్లవాడే.

బెంచీలను యూ ఆకారంలో వేసి చూశాం. 38 మందికి చోటు చాలలేదు. దాంతో ప్రతి సోమవారం వరుస మార్చే పద్ధతి పెట్టారు. ముందు వరుస వెనక్కి, వెనక వరుస ముందుకు. ఇప్పుడు చివరి బెంచీ ఎవరికీ సొంతం కాదు.

ర్యాంకుల చార్టు తీసేయడం మీద కమిటీలో రెండు గంటలు వాదన జరిగింది. పోటీ లేకపోతే చదవరని నేనూ అన్నాను. చివరికి చార్టు పోయి, పిల్లలకు అందే ఎత్తులో ఒక తాడు, దానికి బట్టల క్లిప్పులు వచ్చాయి. ప్రతి పిల్లవాడిదీ నెలకో పని అక్కడ వేలాడుతుంది. లెక్కల్లో ఎప్పుడూ తప్పే అబ్బాయి వాళ్ల పొలం మోటారు బొమ్మ భాగాలతో సహా గీసి పెట్టాడు. సైన్సు సారు దాంతోనే ఒక పాఠం చెప్పారు.

"మేం గోడకుర్చీ వేసే పైకొచ్చాం" అన్న పెద్దలకు ఒక మాట. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. పైకొచ్చింది గోడకుర్చీ వల్లనో, దాన్ని దాటుకునో, ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

నీళ్ల గంట కూడా పెట్టించాం. కేరళలో 2019లో మొదలైన పద్ధతే. గంట కొడుతున్నా ఆడపిల్లలు నీళ్లు తాగట్లేదని టీచరమ్మ గమనించారు. కారణం మరుగుదొడ్డి తలుపుకు గడియ లేకపోవడం. గడియ పెట్టించాక సీసాలు ఖాళీ అవుతున్నాయి.

నవంబర్ 14న గది తెరిచిన రోజు మనందరం చెప్పుకోదగ్గది. ముఖ్య అతిథి వస్తామని మాట ఇచ్చి, పదకొండు దాటినా రాలేదు, ఫోనూ ఎత్తలేదు. శాలువా నా చేతిలోనే ఉంది. ఆ రోజు స్వయంపాలనలో ప్రధానోపాధ్యాయురాలైన పదో తరగతి అమ్మాయి "సార్, పిల్లలు ఎండలో నిలబడ్డారు, నేను తెరిచేస్తా" అని రిబ్బన్ కత్తిరించేసింది. శాలువా ఆమెకే కప్పాం. అతిథి వచ్చి ఉంటే ఇంత బాగుండేది కాదు.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యే ముందు రేకులకు తెల్ల సున్నం వేశాం. ఎండ వేడిని తిప్పికొట్టే పైకప్పుల కోసం కూల్ రూఫ్ విధానం తెచ్చిన తొలి రాష్ట్రం మనది, 2023లో. అది మన రేకుల దాకా రావాలని ఒక కార్యాలయానికి మూడు అర్జీలు పెట్టాం. మూడుసార్లూ "ఫైలు పైన ఉంది" అన్నారు. సున్నం కోసం గ్రూపులో బొటనవేలు చూపినవారు 31 మంది. ఆదివారం పొద్దున బకెట్లతో వచ్చింది ఏడుగురు, అందులో ఇద్దరికి అరవై దాటాయి. పేర్లు రాయను, గ్రూపులో ఎవరిది వాళ్లకు కనబడుతుంది.

ఫ్యాన్లు ఇచ్చిన దుబాయ్ సోదరులకు, రంగులు ఇచ్చిన 1996 బ్యాచ్‌కు, పని రోజుల్లో మాకూ అన్నం పెట్టిన మధ్యాహ్న భోజనం అక్కలకు, ప్రతిసారీ తాళం తీసిపెట్టిన అటెండరుకు, విసుక్కోకుండా సంతకాలు పెట్టిన హెడ్మాస్టర్ గారికి కృతజ్ఞతలు. చీటీలు రాసిన 38 మందికీ.

జమాఖర్చులు కోశాధికారి వేరే కాగితంలో ఇచ్చారు, ఆడిట్ అయింది. మిగులు కొద్దిగానే ఉంది. చందా బాకీలు వసూలైతే తొమ్మిదో తరగతి గది మొదలుపెట్టవచ్చు.

సున్నం తొలివానకే కొంత కొట్టుకుపోయింది. జూన్ 12న బడి తెరుస్తారు, 8వ తేదీ ఆదివారం మళ్లీ వేయాలి. పొడుగు నిచ్చెన ఉన్నవారు ముందురోజే చెప్పండి. పోయినసారి నిచ్చెన కోసమే గంటన్నర పోయింది.

ఇట్లు,
కార్యదర్శి