తెలుగు బడి పిల్లల టీవీ టేపులు ఏమయ్యాయి? ప్రసార భారతి సీఈఓ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

1975 ఆగస్టు 1న మొదలై సరిగ్గా ఏడాది నడిచిన ‘సైట్’ ప్రయోగం (ఇస్రో, నాసా కలిసి ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందించిన ప్రయోగం) మీకు తెలియనిది కాదు. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు. అందులో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. కోళ్ల దొడ్డికి కట్టే ఇనుప జాలీతో చేసిన మూడు మీటర్ల డిష్, దాని కింద టీవీ పెట్టె. నాసా ఉపగ్రహం నుంచి పొద్దున పూట బడి పిల్లలకు తెలుగులో ఇరవై రెండున్నర నిమిషాల కార్యక్రమం. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977లో గానీ రాలేదు. అంటే పట్నం పిల్లల కంటే ముందే పల్లె పిల్లలు తెలుగు టీవీ చూసేశారు!

తర్వాత మన సొంత ఉపగ్రహాలైన ఇన్‌శాట్ రోజుల్లోనూ తెలుగు పాఠాలు వచ్చాయి. కాలక్రమంలో ఆ ప్రసార వేళ పోయింది. దాన్ని తిరిగి పెట్టమని అడగను, ఇప్పుడు పొద్దున్నే టీవీ ముందు కూర్చునే పిల్లలెవరు?

నేను అడిగేది టేపుల సంగతి. ఏవి మిగిలాయి, ఏవి చెరిపి వాడేశారు, ఏవి ఇస్రో దగ్గరున్నాయి? ముందు ఆ జాబితా బయటపెట్టండి. అయస్కాంత టేపు బీరువాలో ఉన్నా పాడవుతుంది, పూత రాలాక ఎవరూ ఏమీ చేయలేరు. 2024లో మీ ఓటీటీ ‘వేవ్స్’ యాప్ తెచ్చి పాత సీరియళ్లు పెట్టారు, సంతోషం. వాటి పక్కన ఈ బడి కార్యక్రమాలకూ కాస్త చోటివ్వండి. మిగిలింది ఒక్క ఎపిసోడే అయినా సరే.

ఇట్లు,
ఒక తెలుగు ప్రేక్షకుడు