సంఘం వార్షిక నివేదిక, 2024–25

సంఘ పెద్దలకు, సభ్యులకు, అక్కచెల్లెళ్లకు షాలోమ్, నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు జరిగిన పనులను కార్యదర్శిగా సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను. 1991లో మన కొత్తరెడ్డిపాలెంలో సినగాగ్, అంటే మన యూదుల ప్రార్థనా మందిరం, మొదలైనప్పటి నుంచి ఈ సంఘం ఏం చేస్తోందో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒక్క మాట మాత్రం ముందే చెబుతాను. మనల్ని చూడటానికి వచ్చేవాళ్లు మనల్ని ఎవరో ఒకరు ఆదుకోవాల్సిన కూలి జనంగానే చూసి వెళ్తారు. ఈ ఏడాది ఆదుకున్నవాళ్లం మనమే. అది కాగితం మీదికి ఎక్కాలనే ఈసారి నివేదిక కాస్త పొడవుగా రాశాను.

ఐగుప్తు బానిసత్వం నుంచి మన పూర్వీకులు బయటపడిన సంగతి గుర్తు చేసుకునే పస్కాతో ఏడాది మొదలైంది. ఏప్రిల్ 22 సాయంత్రం పండుగ. అప్పటికి మిరప కోతలు, పసుపు పనులు అయిపోయి చేతిలో డబ్బులాడని రోజులు. ఏ దేశంలో ఉన్నా యూదులు పస్కాకు ముందు పేద ఇళ్లకు గోధుమలు చేరేలా చూడాలన్నది తరతరాల ఆచారం. మనమూ అలాగే గోధుమపిండి, నూనె, బెల్లం పంచాం. పులియని రొట్టెలు సినగాగ్ ఆవరణలోనే కాల్చాం. పిండిలో నీళ్లు పడిన దగ్గర నుంచి 18 నిమిషాల్లో రొట్టె పెనం మీద కాలిపోవాలి కాబట్టి ఇద్దరు కలపడం, నలుగురు ఒత్తడం, ఒకమ్మాయి ఫోన్‌లో టైం చూస్తూ అరవడం. ఆ రోజు పొయ్యి దగ్గర నిలబడిన ఆడవాళ్లందరికీ పేరుపేరునా దండాలు. ‘ఆకలిగొన్నవాళ్లంతా వచ్చి తినండి’ అని రాత్రి భోజనం దగ్గర చదివినప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగిన ఇరుగుపొరుగు పిల్లల్నీ లోపలికి పిలిచి కూర్చోబెట్టాం.

జూన్‌లో వారాల పండుగకు, పరాయి చేలో పరిగె ఏరుకుని అత్తను పోషించిన రూతు కథ చదివాం. చేను అంచుల దాకా కోయకూడదు, రాలిన వెన్ను ఏరుకోకూడదు, అది బీదవాడికీ పరదేశికీ వదిలేయాలి అన్న లేవీయకాండం మాట చదవగానే మన పెద్దావిడలు మాట అందుకున్నారు. తాము చిన్నప్పుడు పరిగె ఏరుకుని వారం పది రోజులు గంజి కాచుకున్న సంగతులు, ఏ ఆసామి చేలో దిగనిచ్చేవాడు, ఏ ఆసామి కర్ర పట్టుకుని తరిమేవాడు, అన్నీ చెప్పారు. ఇప్పుడు వరికోత యంత్రం దిగితే పరిగె ఎక్కడిది? మనలో సొంత పొలం ఉన్నవాళ్లు తక్కువ. అయినా కౌలుకు మినుము వేసిన ఒక సభ్యుడు ఫిబ్రవరిలో గట్టు పక్క రెండు సాళ్లు పీకకుండా వదిలేశారు. ఎవరు పీక్కెళ్లారో ఆయన అడగలేదు, మేమూ అడగలేదు. పద్ధతి అదే.

ఇక బుడమేరు వరద. సెప్టెంబర్ 1 ఆదివారం విజయవాడ సింగ్‌నగర్ మునిగిన సంగతి టీవీలో చూశాం. మన వాళ్ల చుట్టాలు కొందరు అక్కడే మేడ మీద చిక్కుకున్నారు. ఆ రాత్రే సినగాగ్‌లో కూర్చుని మాట్లాడుకున్నాం. మనదే అంతంతమాత్రం, మనమేం పంపగలం అని ఒకరిద్దరు అన్నారు. దానం పుచ్చుకుని బతికేవాడు కూడా తన దానంలోంచి దానం చేయాలన్నది మన ధర్మశాస్త్రంలో ఉన్న మాటే అని ఒక పెద్దాయన గుర్తు చేశాక ఇంక వాదన లేదు. తెల్లారేసరికి బియ్యం, చింతపండు, నూనె వచ్చి పడ్డాయి. పక్క వీధి చర్చి వాళ్లు గుండిగలు ఇచ్చారు. టెంట్ హౌస్ యజమాని పైసా తీసుకోకుండా పొయ్యిలు, పరదాలు దింపించారు. ఆయనకు ఈ సమావేశం తరఫున కృతజ్ఞతలు.

వరదలో ఉన్నవాళ్లకు పులిహోర పొట్లాలు కట్టాం. పులిహోరే ఎందుకంటే అది మర్నాటి దాకా నిలవుంటుంది. కానీ వేడి మీద పొట్లం కడితే చెమ్మ పట్టి గంటల్లో పాడవుతుంది. అందుకని ఉతికిన దుప్పట్లు పరిచి అన్నం ఆరబోసి, చేతులకు పసుపు అంటుకుపోయేలా కలిపి, బాగా ఆరాకే కట్టాం. ఆ వారం కూలికి వెళ్తే వచ్చే డబ్బు వదులుకుని వచ్చినవాళ్లే అందరూ. ఎవరూ ఆ మాట ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతున్నాను. మన కుర్రాళ్లు ట్రాలీ ఆటోలో పొట్లాలు, నీళ్ల ప్యాకెట్లు వేసుకుని సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా వెళ్లి, అక్కడి నుంచి పడవల వాళ్లకు అందించారు. ఇద్దరు నడుము లోతు నీళ్లలో దిగి, ముందు బాలింతలున్న ఇళ్లకు చేర్చారు. మీరెవరు, ఏ సంఘం అని అడిగితే చేబ్రోలు దగ్గర యూదులం అని చెప్పారట. శుక్రవారం పొద్దు గూకేలోపు పొయ్యిలు ఆర్పి విశ్రాంతి దినమైన షబ్బాత్ దీపాలు వెలిగించుకున్నాం. ప్రాయశ్చిత్తానికి, ప్రార్థనకు, దానానికి కేటాయించిన ఎలూల్ నెల ఆ వారమే మొదలైంది. ఈ సంఘంలో ఇన్నేళ్లుగా ఉంటున్నాను, నాకు ఇంత గర్వంగా అనిపించిన వారం ఇంకోటి లేదు.

పర్ణశాలల పండుగకు తాటాకు పందిరి వేశాం. మన దీపాల పండుగ హనుక్కా మొదటి దీపం డిసెంబర్ 25 సాయంత్రం, సరిగ్గా క్రిస్మస్ నాడే పడింది. చర్చి వాళ్లు మనకు కేక్ పంపారు, మనం గారెలు పంపాం.

ఎస్తేరు రాణి మన జనాన్ని కాపాడిన సంగతి గుర్తు చేసుకునే పూరీమ్ పండుగ మార్చి 14న. ఆ రోజు కనీసం ఇద్దరు పేదలకు డబ్బు గానీ తిండి గానీ ఇవ్వాలి. వసూలైంది ఆ రోజే పంచేయాలి, చేయి చాచినవాళ్లను వివరాలు అడగకూడదు. పస్కాకు మన దగ్గర గోధుమపిండి తీసుకున్న ఒక పెద్దావిడ పింఛను డబ్బులోంచి రెండు పది రూపాయల నోట్లు విడివిడిగా మడిచి తెచ్చారు, ఇద్దరికీ వేర్వేరుగా ఇవ్వాలని. వద్దమ్మా అనబోయిన కుర్రాడిని పెద్దలు ఆపారు. ఆవిడ ఇవ్వాల్సిందే, మనం తీసుకోవాల్సిందే.

వడ్డీ లేని అప్పు నిధి నడుస్తోంది. దానానికి మన పాతకాలపు ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడీస్ చెప్పిన ఎనిమిది మెట్లలో అన్నిటికన్నా పైది, మనిషి మళ్లీ చేయి చాచక్కర్లేకుండా అప్పో, పనో, భాగస్వామ్యమో ఇచ్చి నిలబెట్టడం. ఈ ఏడాది ఒకరు కుట్టు మిషన్ కొనుక్కున్నారు, ఒకమ్మాయి నర్సింగ్ హాస్టల్ ఫీజు కట్టుకుంది. బయట నూటికి మూడు, అయిదు రూపాయల వడ్డీకి తెచ్చుకునే బాధ తప్పింది. తీసుకున్నవాళ్లు వాయిదాలు సరిగా కడితేనే వెనకున్నవాళ్ల వంతు వస్తుంది. కొందరు ఆర్నెల్లుగా కట్టలేదు. వాళ్ల పేర్లు చదవడం లేదు, వాళ్లకు తెలుసు.

జమాఖర్చుల కాగితం కోశాధికారి నోటీసు బోర్డు మీద పెట్టారు, చూసుకోండి. వసూలుకు ఇద్దరు, పంపిణీకి ముగ్గురు ఉండాలన్న మిష్నా (మన ధర్మ నియమాల పాత గ్రంథం) నియమం ఈ ఏడాదంతా తప్పలేదు. జమలో ఎక్కువ భాగం శుక్రవారం దీపం వెలిగించే ముందు మీ ఇళ్లల్లో ఆడవాళ్లు డబ్బాలో వేసిన చిల్లరే. ఖర్చు వరద వల్ల పెరిగింది.

మన వాలంటీర్ల జాబితా పెద్దది. పనికి వచ్చింది మాత్రం ఆ ఏడెనిమిది మందే. వాట్సాప్‌లో ‘వస్తాం అన్నా’ అని పెట్టి, గుండిగలు తోమే వేళకు ఫోన్ ఎత్తకపోతే ఎలా? కమిటీలోనే ముగ్గురు నెలల తరబడి సమావేశాలకు రాలేదు. కుదరకపోతే పదవి ఇంకొకరికి ఇవ్వండి, ఎవరూ తప్పు పట్టరు.

మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో యూదులకు మైనారిటీ గుర్తింపు ఇచ్చాయి. మన రాష్ట్రంలోనూ ఇవ్వమని మనం పెట్టిన అర్జీకి జవాబు లేదు. ఆఫీసుకు వెళ్తే యూదులంటే ఎవరు, క్రైస్తవుల్లో ఒక శాఖా అని అడుగుతారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పాలి, మళ్లీ రమ్మంటారు, వెళ్తే ఆ సారు బదిలీ అయి ఉంటారు. మన పిల్లల స్కాలర్‌షిప్పులు, సర్టిఫికెట్లు అన్నీ దీనితో ముడిపడి ఉన్నాయి. ఇది నాకు చాలా బాధ కలిగిస్తున్న విషయం.

అర్జీ మళ్లీ పెడుతున్నాం. ప్రతి కుటుంబం రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు వచ్చే ఆదివారం లోపు నాకు ఇవ్వాలి. విజయవాడ, మచిలీపట్నంలో ఉన్న మన వాళ్లకూ కబురు చేయండి. వసూలుకు ఇద్దరి పేర్లు, పంపిణీకి ముగ్గురి పేర్లు ఈ సమావేశంలోనే తేల్చాలి. కనీసం ఇద్దరు ఆడవాళ్లు ఉండాలని నా ప్రతిపాదన.

కార్యదర్శి