ఒంటిగంట తర్వాత బోట్లు ఇవ్వం: ఈ సీజన్ మార్పులు, వాటి కారణాలు

ఈ సీజన్ నుంచి మా కొండ సరస్సులో మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత కయాక్‌లు (చిన్న తెడ్డు పడవలు), ప్యాడిల్‌బోర్డులు (నిలబడి తెడ్డు వేసే పలకలు) అద్దెకు ఇవ్వడం లేదు. ఒంటిగంటకల్లా నీళ్ల మీదున్నవన్నీ ఒడ్డు చేరాలి. మధ్యాహ్నం స్లాటుకు ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు ఉదయానికి మార్చుకోవచ్చు, వద్దనుకుంటే మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం. మా రాబడిలో పెద్ద వాటా మధ్యాహ్నాలదే. అయినా ఆపాం. గాలి వల్ల ఆపాం.

కొండల మధ్య సరస్సులో పొద్దున నీళ్లు అద్దంలా ఉంటాయి. ఎండెక్కేకొద్దీ వాలులు వేడెక్కి, అక్కడి గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి లోయలోంచి గాలి ఎగబాకుతుంది. పదకొండు ప్రాంతంలో మొదలై, రెండు నుంచి నాలుగు మధ్య బాగా జోరందుకుని, పొద్దు వాలాక తగ్గుతుంది. మన బీచ్ లోయ వైపు ఉంది. అంటే గాలి మిమ్మల్ని ఒడ్డు నుంచి అవతలికి తోస్తుంది. వెళ్లేటప్పుడు తెడ్డు వేసే పనే ఉండదు, ఎంత దూరం పోయామో కూడా తెలియదు. వెనక్కి తిరిగితే గాలి ముఖాన కొడుతుంది. ప్యాడిల్‌బోర్డు మీద నిలబడితే మీ ఒళ్లే తెరచాప అవుతుంది, ఎంత తెడ్డు వేసినా ముందుకు కదలరు. అలాంటప్పుడు వెంటనే మోకాళ్ల మీద కూర్చోండి. అదీ చాలకపోతే బోర్లా పడుకుని చేతులతో ఈదండి. బోర్డును మాత్రం వదలొద్దు.

గాలితో ఊదే ట్యూబులు, తేలే పరుపులు పూర్తిగా తీసేశాం. వాటికి తెడ్డూ లేదు, దిశా లేదు. ఎగిరిపోతున్న ట్యూబు కోసం ఎవరూ ఈదుకుంటూ వెళ్లొద్దు. మనిషి ఈత కంటే అది వేగంగా పోతుంది.

ఇంకో తప్పు దిద్దుకోవాలి. పాత బుకింగ్ సందేశంలో ‘ఒడ్డు పొడవునా లోతు తక్కువ’ అని రాసేవాళ్లం. అది సరికాదు, తీసేశాం. ఇసుక మెట్టు కొన్ని అడుగుల దూరం మోకాలి లోతే ఉండి, ఒక్కసారిగా దిగిపోతుంది. నీళ్లు తేటగా ఉండటంతో కళ్లు కూడా మోసపోతాయి. పై నుంచి చూస్తే అసలు లోతులో ముప్పావు వంతే కనిపిస్తుంది. 2 మీటర్లున్న చోటు ఒకటిన్నరే అనిపిస్తుంది. నీటి రంగు లేత ఆకుపచ్చ నుంచి ముదురు నీలానికి మారే గీత దగ్గర ఆగిపోండి. పిల్లల ఆట ఆ గీతకు ఇవతలే.

చలి సంగతి. వేసవిలో కూడా వేడెక్కేది పై పొర మాత్రమే. నడుము దాకా గోరువెచ్చగా ఉన్నచోటే పాదాలు జివ్వుమంటాయి. గాలి ఆ పై పొరను అవతలి ఒడ్డుకు తోసేస్తే, కింది చల్లనీళ్లు మన ఒడ్డునే పైకి వస్తాయి. అందుకే నిన్న బాగున్న నీళ్లు ఇవాళ కొరుకుతాయి. 15 డిగ్రీల కంటే చల్లని నీళ్లలో హఠాత్తుగా పడితే మన ప్రమేయం లేకుండానే ఊపిరి ఒక్కసారిగా లోపలికి లాగేస్తాం. ఆ క్షణంలో తల మునిగి ఉంటే లోపలికి పోయేది నీళ్లే. బాగా ఈత వచ్చినవాళ్లకూ ఇదే ప్రమాదం. పడగానే ఈదబోకండి. తల వెనక్కి వాల్చి తేలుతూ, ఊపిరి కుదుటపడేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగండి. లైఫ్ జాకెట్ ఆ నిమిషాల కోసమే. బకిల్సు పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే వదులైనట్టే. చిన్నపిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్య పట్టీ తప్పనిసరి.

సొంత బోర్డు తెచ్చుకునేవాళ్లు ఒకటి గమనించాలి. గాలి నింపే రకమైతే, కిందే నింపి కొండెక్కించొద్దు. ఎత్తుకు పోయేకొద్దీ బయటి పీడనం తగ్గుతుంది, సముద్ర మట్టంలో 15 పీఎస్ఐ నింపింది 2,500 మీటర్ల ఎత్తులో 19 దగ్గర చూపిస్తుంది. దానికి ఎండ కూడా తోడైతే అతుకులు విడిపోతాయి. ఇక్కడికొచ్చాకే నింపి, పది నిమిషాలు నీళ్లలో ఉంచండి. చల్లబడి మెత్తబడితే ఇంకొంచెం గాలి కొట్టండి, ఒడ్డున ఎండలో పెట్టేటప్పుడు అంత మేర వదిలేయండి. మరో సరస్సులో వాడిన బోర్డును కడిగి, నీరంతా వంపేసి, పూర్తిగా ఆరబెట్టి తేవాలి. తడిగా ఉంటే దింపనివ్వం. జీబ్రా మస్సెల్ లాంటి ఆల్చిప్పల పిల్లలు కంటికి కనిపించవు. అవి ఒకసారి సరస్సులో పాతుకుపోతే ఇక వదిలించలేం.

ఎండ చల్లగాలిలో తెలియదు గానీ, ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకూ అతినీలలోహిత కిరణాలు సుమారు పదో వంతు పెరుగుతాయి. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాసుకోండి. సరస్సు నీళ్లు ఎంత తేటగా ఉన్నా అలాగే తాగొద్దు. 2,000 మీటర్లు దాటిన చోట 3 నిమిషాలు మరిగించాలి. నీళ్ల మీద ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కనిపిస్తే దిగొద్దు, కుక్కల్నీ దించొద్దు. సబ్బు ఏ రకమైనా సరే, ఒడ్డుకు 60 మీటర్ల అవతలే.

ఉరుము వినిపిస్తే మేము ఈల వేస్తాం. వెంటనే వచ్చేయండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా ఎవరినీ దించం. ఆ పోయిన సమయానికి డబ్బు తీసుకోం.

రోజూ ఉదయం ఆరింటికి గాలి చూసి, ఆపాల్సివస్తే అప్పుడే సందేశం పంపుతాం. ఘాట్ మొదలైతే సిగ్నల్ ఉండదు. కాబట్టి కొండెక్కే ముందే బండి ఆపి ఒకసారి ఫోన్ చూసుకోండి.